సంఘం లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి చూస్తే కోటికి పైగా మహిళలు ఏదో ఒక పొదుపు సంఘంలో సభ్యులు. పథకం పేరు ఎన్నిసార్లు మారినా ఊళ్లో ఇప్పటికీ ‘డ్వాక్రా గ్రూపు’ అనే అంటారు. ఇంత పెద్ద ఏర్పాటు గురించి మనకు ఎక్కువగా వినిపించేవి రెండే మాటలు. మహిళలు తమ కాళ్ల మీద తాము నిలబడ్డారని సభల్లో చెబుతారు. అప్పుల్లో కూరుకుపోయారని రచ్చబండ దగ్గర చెబుతారు. రెండింటికీ ఆధారాలున్నాయి. పేద పల్లెల్లో జనమే సంఘంగా కూడి ఊరిని బాగుచేసుకోవడం ఎంతవరకు సాధ్యమైంది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తెలియాలంటే సంఘం లోపల డబ్బు ఎలా తిరుగుతుందో, నిర్ణయాలు ఎవరు చేస్తారో చూడాలి. ఇన్నేళ్ల అనుభవం చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. సంఘానికి ఎంత అప్పు వచ్చిందన్నది దాని బలానికి కొలత కాదు. అందులో అందరికంటే పేద సభ్యురాలు లెక్కల పుస్తకం తెరిపించి ‘ఇదేంటి’ అని అడగగలదా అన్నదే కొలత.

డ్వాక్రా 1982లో కేంద్ర ప్రభుత్వ పథకంగా మొదలైంది. పదిహేను ఇరవై మంది మహిళలను కూడగట్టి, కొంత మూలధనం ఇచ్చి, కుట్టుపనో పాడిపశువులో పెట్టించాలన్నది ఆలోచన. తొలి పదేళ్లలో చాలా గ్రూపులు ఆ డబ్బు వచ్చినప్పుడు పుట్టి, అది అయిపోగానే ఆగిపోయాయి. మన దగ్గర పరిస్థితిని మార్చింది ఆ పథకం కాదు, సారా వ్యతిరేక ఉద్యమం. అక్షరాస్యతా కేంద్రాల్లో రాత్రిపూట కూర్చుని చదువుకుంటున్న నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, రెండేళ్లకే దాన్ని సడలించారు.

మద్య నిషేధం నిలవలేదు గానీ ఆ ఉద్యమంలో అలవాటైన కూడిక నిలిచింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని నెల్లూరు మహిళలు మొదలుపెట్టిందే ‘పొదుపులక్ష్మి’. నెలకు ముప్పై రూపాయలు. అంతకుముందు గ్రూపులు ప్రభుత్వం ఇచ్చే డబ్బు కోసం కలిశాయి. ఇవి ముందే కలిసి ఒక పోరాటం చేసి, తర్వాత డబ్బు దాచుకోవడం మొదలుపెట్టాయి. ఈ వరస చాలా ముఖ్యమని నా నమ్మకం.

ఆ ముప్పై రూపాయలు ఏం చేస్తాయో లెక్క వేసి చూడండి. పదిహేను మంది ఉన్న సంఘంలో నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు. అప్పట్లో కూడా అది గొప్ప మొత్తం కాదు. కానీ దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయరు. పిల్లాడికి జ్వరం వస్తే ఒకరు, విత్తనాలకు ఒకరు తీసుకుంటారు. నూటికి రూపాయో రెండు రూపాయలో వడ్డీ కడతారు. ఆ వడ్డీ కూడా సంఘానికే చేరుతుంది, అంటే చివరికి వాళ్లకే. బయట మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు మూడు వేలు వడ్డీకే పోతుంది. అదే లక్షకు బ్యాంకులో నూటికి రూపాయి వడ్డీ పడితే వెయ్యి. 2004లో ప్రభుత్వం తెచ్చిన పావలా వడ్డీ పథకం లెక్కన అయితే 250. ప్రాంసరీ నోటు రాయించుకుని, పొలం కాగితం పెట్టించుకునే చోట ఈ తేడా ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది.

బ్యాంకుల సంగతీ ఇక్కడే చెప్పాలి. 1992లో జాతీయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. తాకట్టు అడగకుండా, సంఘం క్రమశిక్షణనే హామీగా తీసుకుని అప్పు ఇవ్వడం దాని పద్ధతి. ఆ క్రమశిక్షణకు పంచ సూత్రాలని పేరు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ. చాలా సంఘాల గోడల మీద ఈ ఐదూ రాసి ఉంటాయి. మొదటి నాలుగూ ఐదోదాని మీదే ఆధారపడి ఉన్నాయి, తక్కువ శ్రద్ధ పెట్టేదీ దాని మీదే.

ఒక్క గ్రూపు చాలదు

పదిమంది పేద మహిళలు కలిస్తే ఒకరి కష్టంలో ఇంకొకరు ఆదుకోగలరు. కానీ కరువొస్తే పదిమందికీ ఒకేసారి కష్టం వస్తుంది. ఎరువుల వ్యాపారితోనో మిల్లర్‌తోనో బేరమాడే బలం పదిమందికి ఉండదు. అందుకే గ్రూపులు కలిసి గ్రామ సమాఖ్యగా, అవి కలిసి మండల సమాఖ్యగా, పైన జిల్లా సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని కొన్ని మండలాల్లో ఈ నిర్మాణాన్ని మొదట ప్రయత్నించారు. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడి, ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు ప్రాజెక్టు ఆరు జిల్లాల్లో మొదలైంది. తర్వాత ఇతర జిల్లాలకూ విస్తరించి ఇందిరా క్రాంతి పథం అయింది. ఐకేపీ అంటే తెలియని రైతు ఈ రోజు లేడు.

సమాఖ్య ఉంటే ఏం మారుతుందో చెప్పడానికి బియ్యం అప్పు మంచి ఉదాహరణ. కూలికి పోయే కుటుంబం కిరాణా కొట్లో రెండు కిలోలు, మూడు కిలోలు కొంటుంది. చిల్లర ధర ఎక్కువ, కాటా తక్కువ, అరువైతే ఇంకో రేటు. గ్రామ సమాఖ్య సభ్యులందరి దగ్గరా నెలకు ఎన్ని కిలోలు కావాలో రాయించుకుని, బస్తాల లెక్కన టోకుగా కొని, ఇంటింటికీ అప్పుగా ఇచ్చింది. కూలి డబ్బు వచ్చినప్పుడు కట్టుకున్నారు. ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు. పేదవాడు చిన్న మొత్తంలో కొంటాడు కాబట్టి ఎక్కువ చెల్లిస్తాడు అన్న పాత అన్యాయాన్ని అది కొంచెం సరిచేసింది. పేదరికం గురించి రాసే చాలామంది ఆదాయం గురించే రాస్తారు. పేదవాళ్ల ఖర్చు ఎందుకు ఎక్కువో అంతే శ్రద్ధగా రాయాల్సిన విషయం.

ఇంకా దగ్గరగా చూడాలంటే కోతల రోజుల్లో ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లాలి. కల్లంలో వడ్లు ఆరబోసి ఉంటాయి. సమాఖ్య మహిళ గుప్పెడు గింజలు తీసి తేమ యంత్రంలో వేస్తుంది. పదిహేడు శాతం దాటితే ఇంకా ఎండాలి. తాలు ఉంటే తూర్పార పట్టాలి. గన్నీ సంచులు ఎన్ని వచ్చాయి, ఏ రైతు సీరియల్ ఎంత, లారీ ఎప్పుడొస్తుంది, ట్రక్ షీట్‌లో ఎన్ని బస్తాలు రాశారు అన్నదంతా ఆమే చూడాలి. ఆకాశం మబ్బు పట్టిందంటే టార్పాలిన్ల కోసం గొడవ. మిల్లు దగ్గర బస్తాకు ఇన్ని కిలోల తరుగు అంటే రైతు వచ్చి ఆమెనే నిలదీస్తాడు. ఆ తరుగు ఆమె పెట్టింది కాదు, ఆపే అధికారమూ ఆమెకు లేదు. ఇంత చేసినందుకు క్వింటాలుకు ఇంతని కమీషన్ సమాఖ్య ఖాతాకు రావాలి. అది చాలా చోట్ల సీజన్లు గడిచినా రాదు.

ఇన్ని ఇబ్బందులున్నా ఆ కేంద్రం సాధించినది గొప్పది. ఊరి ధాన్యానికి కాంటా వేసే పని ఒకప్పుడు దళారి చేతిలో ఉండేది. ఇప్పుడు ఊళ్లోని కూలి కుటుంబం మహిళ ఆ కాంటా పక్కన నిలబడి పెద్ద రైతు వడ్లను ‘ఇంకా ఎండలేదు, ఆగండి’ అనగలుగుతోంది. ఏ ఆదాయ సర్వేలోనూ ఈ మార్పు కనిపించదు.

సర్వేల మాట వచ్చింది కాబట్టి వాటి ఫలితాలూ చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ సంఘాల మీద ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు చేసిన తొలి అధ్యయనాల్లో మహిళల మాటకు విలువ, తిండి మెరుగుపడినట్టు తేలింది. ఆదాయం, ఆస్తులు మాత్రం తక్కువ కాలంలో చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఆంధ్ర నమూనా నుంచి చాలా నేర్చుకున్న బీహార్ జీవిక కార్యక్రమం మీద 2021లో ప్రచురితమైన అధ్యయనంలో ఇంకో ముచ్చట ఉంది. సంఘాలు వచ్చిన ఊళ్లలో ఎక్కువ వడ్డీ అప్పులు తగ్గాయి, ఊళ్లోని వడ్డీ వ్యాపారులు కూడా రేటు దించారు. కూలిరేట్లు, భూమి, పంట ధర వంటి వాటిని పొదుపు సంఘం ఒక్కటే మార్చలేదు. అది మార్చగలిగినదాన్ని మాత్రం నిజంగానే మార్చింది.

ఆ బీహార్ ఊళ్లలో తొలి సంఘాలు పెట్టించడానికి వెళ్లినవాళ్లలో మన పల్లెల మహిళలూ ఉన్నారు. కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు (సీఆర్పీలు) అంటారు వాళ్లను. హిందీ అంతంతమాత్రంగా వచ్చినా, తాము సంఘంలో చేరకముందు ఎలా ఉన్నామో, ఇప్పుడెలా ఉన్నామో చెప్పి అక్కడి మహిళలను కూర్చోబెట్టారు. 2011లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు మన సంఘాలూ కేరళ మహిళా సంఘాల కార్యక్రమం కుటుంబశ్రీ అనుభవమూ పునాది అయ్యాయి. ఈ మహిళల గురించి మన పత్రికల్లో రావలసినంత రాలేదన్నది నాకున్న బాధ.

గ్రూపు పేరుతో వచ్చిన ఇంకో గ్రూపు

2010లో ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్, అంటే పేదలకు చిన్న అప్పులిచ్చే ప్రైవేటు కంపెనీల సంక్షోభం వచ్చినప్పుడు చాలామంది డ్వాక్రా అప్పులూ కంపెనీల అప్పులూ ఒకటే అనుకున్నారు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి: ఐదుగురో పదిమందో మహిళలు, ఒకరికొకరు పూచీ. తేడా లోపల ఉంది. పొదుపు సంఘంలో ముందు పొదుపు, తర్వాత అప్పు. ఎవరికి ఎంత ఇవ్వాలో సభ్యులే తేల్చుకుంటారు, వడ్డీలో కొంత సంఘానికే మిగులుతుంది. కంపెనీ గ్రూపులో పొదుపు లేదు, నిర్ణయం లేదు, పూచీ మాత్రం ఉంది. వారం వారం ఏజెంటు వస్తాడు. ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకోవడం మొదలైంది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి.

పదేళ్లు కష్టపడి సంఘాలు పెంచుకున్న పరస్పర నమ్మకాన్ని ఈ కంపెనీలు వసూలు సాధనంగా వాడుకున్నాయి. ఎవరు ఎవరితో కూర్చుంటారు, ఎవరు మాట తప్పరు అన్న సమాచారం సంఘాల వల్ల ఊళ్లో సిద్ధంగా ఉంది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు నమోదు చేసుకోవాలని, బలవంతపు వసూళ్లు కుదరవని కట్టడి చేసింది. మరుసటి ఏడాది సమాఖ్యలే వాటాదారులుగా స్త్రీనిధి పరపతి సహకార సంస్థ ఏర్పడింది. అత్యవసర అప్పు త్వరగా దొరక్కపోవడం వల్లే మహిళలు కంపెనీల దగ్గరకు వెళ్లారన్న గుర్తింపు దాని వెనక ఉంది. ఇప్పుడు ఫోన్‌లో యాప్ అప్పులు, కొత్త పేర్లతో వారపు ఫైనాన్సులు మళ్లీ పల్లెలకు వస్తున్నాయి. పూచీ మన మీద పెట్టి నిర్ణయం వాళ్ల దగ్గర పెట్టుకునేది ఏదైనా అదే కోవలోకి వస్తుంది.

కంపెనీల దెబ్బ కంటే మెల్లగా పనిచేసిన దెబ్బ ఇంకొకటి ఉంది. అది ప్రేమగా వచ్చింది. కోటి మంది మహిళలు ఒక వరసలో దొరికే వేదికను ఏ ప్రభుత్వం వదులుకుంటుంది? 2014 ఎన్నికల ముందు రుణమాఫీ హామీ వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో చాలా సంఘాలు వాయిదాలు కట్టడం ఆపాయి. వడ్డీ మీద వడ్డీ పెరిగింది, ఖాతాలు మొండి బకాయిల్లోకి వెళ్లాయి. తర్వాత పసుపు–కుంకుమ పేరుతో సభ్యురాలికి పది వేలు విడతలుగా అందాయి. 2019 తర్వాత ఆసరా పేరుతో అప్పటికి ఉన్న బకాయిని నాలుగు విడతల్లో ఇచ్చారు. ఆ డబ్బు పేద ఇళ్లకు ఉపయోగపడలేదని నేననను. కానీ ‘మనం దాచుకున్నాం, మనం కట్టాం’ అన్న చోట ‘వాళ్లు ఇచ్చారు, వాళ్లు మాఫీ చేస్తారు’ అన్న మాట వచ్చింది. సమావేశం ఎజెండాలో నాయకుల మీటింగులకు ఎవరెవరు వెళ్లాలన్నది చేరింది. రానివాళ్లకు లోన్ రాదేమోనన్న టెన్షన్ కూడా.

పార్టీ ఏదైనా ఈ అలవాటు మారలేదు. సంఘానికి పని అప్పగించడం, దాన్ని పనివాడిగా వాడుకోవడం వేరు వేరు. తెలంగాణలో 2025లో నారాయణపేట జిల్లా సమాఖ్య పెట్రోలు బంకు నడపడం మొదలుపెట్టింది. ఆర్టీసీకి అద్దె బస్సులు పెట్టే పనీ సమాఖ్యలకు ఇచ్చారు. అవి మంచి అవకాశాలే. ఆ బంకు లాభనష్టాల లెక్క నారాయణపేట జిల్లాలోని ఓ మారుమూల తండా సభ్యురాలి దాకా చేరుతుందా అన్నదే వాటి విషయంలో నేను అడిగే ప్రశ్న.

జహీరాబాద్‌లో ఇంకో దారి

డబ్బుతో కాకుండా భూమితో, గింజతో మొదలైన సంఘాలు చూడాలంటే సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ వైపు వెళ్లాలి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి అక్కడ పనిచేస్తోంది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, సన్నకారు రైతులు. 1990ల మధ్యలో ఈ సంఘాలు చేసిన పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పడావు పడ్డ ఎర్ర చెలకలను సాగులోకి తేవడానికి ఎకరాకు ఇంతని అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా కాదు, జొన్నలుగా, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిరిగి కట్టాలి. వచ్చిన జొన్నలను ఊళ్లోనే నిల్వచేశారు. పని దొరకని నెలల్లో తిండికి ఇబ్బందిపడే ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఆ డబ్బు మళ్లీ సాగుకే.

ఎవరు పేదవాళ్లన్నది అధికారి తేల్చలేదు. ఊరివాళ్లు కూర్చుని నేల మీద ఊరి పటం గీసి, ఒక్కో ఇంటి గురించి అందరి ముందూ మాట్లాడి గుర్తించారు. ఎవరింట్లో ఏ నెలలో పొయ్యి వెలగదో పక్కింటివాళ్లకు తెలిసినంత రేషన్ కార్డుకు తెలియదు. నేలలో తేమ ఉందా, ఎవరు ఎంత బాగా సాగు చేస్తున్నారన్నది సంఘం మహిళల కమిటీయే చూసింది.

ఆ ఇళ్లలో విత్తనాలు వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి, మూత మీద మట్టి పూసి దాస్తారు. కొర్ర, సామ, సజ్జ, పచ్చజొన్న, కంది, అనుములు అన్నీ ఒకే చేలో వేస్తారు. పొరుగామె విత్తనం అడిగితే ఇచ్చి, పంటయ్యాక అంతకంటే ఎక్కువ కొలిచి తీసుకుంటారు. చిరుధాన్యాలకు సూపర్ మార్కెట్లలో ఇవాళ వచ్చిన గిరాకీ లేని రోజుల్లో వీళ్లు వాటిని నిలబెట్టారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలైంది, నడిపేదీ ఆ మహిళలే. 2019లో వీళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. ఈ సంఘాలు లక్షల్లోకి పెరగలేదు. బయటి సంస్థ అండ లేకుండా ఎంతకాలం నిలుస్తాయన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అయినా పైనుంచి లక్ష్యం ఇవ్వకపోతే పేద మహిళలు దేన్ని అభివృద్ధి అనుకుంటారో ఇక్కడ తెలుస్తుంది. వాళ్లు మొదట ఎంచుకున్నది తిండి, విత్తనం, పడావు భూమి.

అయితే ప్రభుత్వం చేయి లేకపోతే చాలు, ఊరి సంఘం మంచిదే అవుతుందా? కాదని ఉత్తర తెలంగాణ గ్రామాభివృద్ధి కమిటీలు చూపిస్తాయి. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు చాలా ఊళ్లలో ఈ వీడీసీలదే పైచేయి. సొంత నిధులతో రోడ్లు వేశాయి, గుళ్లు, బడి గదులు కట్టించాయి. ఆ నిధుల్లో కొంత మద్యం అమ్ముకునే హక్కును ఊళ్లో వేలం వేయడం వల్ల వచ్చింది. మాట వినని కుటుంబానికి జరిమానా, కట్టకపోతే సాంఘిక బహిష్కరణ అన్న వార్తలు ఏటా వస్తాయి. కేసులూ నమోదవుతున్నాయి. బహిష్కరణకు గురయ్యేది ఎక్కువగా దళితులు, చేతివృత్తుల కులాలు. చట్టంలో ఈ కమిటీలకు స్థానం లేదు, కూర్చునేది దాదాపు మగవాళ్లే. డబ్బు వాళ్లదే, నిర్ణయం వాళ్లదే, కానీ లెక్క అడిగే హక్కు అందరిదీ కాదు.

పొదుపు సంఘాల్లోనూ ఈ జబ్బు చిన్న మోతాదులో ఉంది. ఒకే నాయకురాలు ఏళ్ల తరబడి కొనసాగుతుంది. చదువు రాని సభ్యురాలి పేరు మీద లోన్ తీసి వేరేవాళ్లు వాడుకున్న ఉదంతాలు తరచూ బయటపడుతున్నాయి. పెద్ద మొత్తం కట్టలేరన్న అనుమానంతో అందరికంటే పేదవాళ్లను, ఒంటరి మహిళలను, వలస వెళ్లేవాళ్లను గ్రూపులో చేర్చుకోరు. బ్యాంకు లోన్ పెరిగేకొద్దీ ఈ భయం పెరుగుతుంది. పుస్తకాలు రాసే గ్రామ సమాఖ్య సహాయకులకు (వీఓఏలకు) తక్కువ గౌరవవేతనం ఇచ్చి, దానికీ సమ్మెలు చేయాల్సిన పరిస్థితిలో ఉంచి, లెక్కలు పక్కాగా ఉండాలని ఆశించడం అన్యాయం. యాప్‌లో ఎంట్రీ వేస్తే పారదర్శకత వచ్చినట్టు కాదు. సమావేశంలో ఆ లెక్కను గట్టిగా చదివి వినిపించినప్పుడే చదువు రాని ఆమెకు అది అందుతుంది.

చివరగా పంచాయతీ సంగతి. రోడ్డు, నీళ్లు, వీధిదీపం నిధులు దాని దగ్గరే ఉన్నాయి, జనం బలం సమాఖ్య దగ్గర ఉంది. సంఘాల్లో మాట్లాడటం నేర్చుకున్న మహిళలు సర్పంచులు, ఎంపీటీసీలు అయ్యారు. అయినా రెండు వ్యవస్థలూ చాలా ఊళ్లలో ఎవరి దారి వారివే. ఈ దూరం తగ్గించడానికి ఒక ఏర్పాటు ఇప్పటికే ఉంది. ప్రతి సంఘం తన సభ్యుల అవసరాలను, అంటే రేషన్ కార్డు లేనివాళ్లు, పింఛను రానివాళ్లు, ఉపాధి పని కావాల్సినవాళ్లు, బోరు పాడైన వాడ, అన్నీ రాసి గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక తయారుచేయాలి. దాన్ని గ్రామసభ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలపాలి. చాలాచోట్ల అది కంప్యూటర్‌లో ఎక్కి అక్కడే ఉండిపోతోంది. ఏటా అక్టోబరు 2 నుంచి ఈ ప్రణాళికల ప్రక్రియ మొదలవుతుంది. ఆ గ్రామసభలో సంఘం ఇచ్చిన జాబితాను పైకి చదవమని, పోయినేడు రాసిన వాటిలో ఏవి అయ్యాయో చెప్పమని అడగడానికి నాయకురాలే కానక్కర్లేదు. ఊళ్లో ఓటున్న ఏ సభ్యురాలైనా లేచి అడగవచ్చు.